బీకాం సెకండియర్, హన్మకొండ: నాటకం నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

కొత్తవేషం | శనివారం, రాత్రి 9:12

అందరికీ నమస్తే. హన్మకొండలో బీకాం సెకండియర్ చదువుతున్నాను. మొన్న కాలేజీ వార్షికోత్సవానికి ఒక నాటిక వేశాం. నాది పక్కింటావిడ పాత్ర, నాలుగైదు డైలాగులు, అంతే. కానీ రిహార్సల్స్ జరిగినన్ని రోజులూ ఇంటికి పోబుద్ధి కాలేదు. కుర్చీ ఎటు తిప్పాలి, తలుపు ఏ పక్కన ఉన్నట్టు అనుకోవాలి, ఏడుపు సీన్‌లో లైటు తగ్గించాలా వద్దా అని గంటలు గంటలు కొట్లాడుకున్నాం.

దీన్ని పద్ధతిగా నేర్చుకోవాలని ఉంది. సినిమాల్లోకి పోదామని కాదు, ఆ సలహాలు వద్దు. డిగ్రీ అయ్యేదాకా ఇక్కడే ఉంటూ ఏం నేర్చుకోవచ్చు? తర్వాత ఏ కోర్సులు ఉన్నాయి? దీని మీద బతకొచ్చా? నాన్న గ్రూప్స్ కోచింగ్ అంటున్నారు. అమ్మ ఏమీ అనదు గానీ "నాటకాలు అన్నం పెడతయా" అని ఒకసారి అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

కాజీపేట_ప్యాసింజర్ | శనివారం, రాత్రి 9:30

పెట్టవు. మీ అమ్మగారు కరెక్ట్. ముందు ఒక ఉద్యోగం చూసుకో చెల్లె, తర్వాత ఆదివారాలు ఎన్ని నాటకాలైనా ఆడుకో. మన దగ్గర నాటకం ఆడినోళ్లందరూ టీచర్లో, బ్యాంకోళ్లో, కరెంటాఫీసోళ్లో. జీతం అక్కడ, సరదా ఇక్కడ.

మూడో_బెల్ | శనివారం, రాత్రి 10:05

ప్యాసింజర్ చెప్పిన బ్యాంకోళ్లలో నేనొకడిని. రిటైరయ్యాను. నాటక పరిషత్తు పోటీలకు నాటికలు తీసుకుని ఊళ్లు పట్టుకు తిరిగినవాణ్ణి. ఆయన చెప్పిందాంట్లో అబద్ధం లేదు, కాకపోతే అది నటుల సంగతి. ఈ అమ్మాయి నటన గురించి అడగలేదు. కుర్చీ ఎటు తిప్పాలి, లైటు ఎంత తగ్గించాలి అని అడిగింది. ఆ ప్రశ్నలు అడిగేవాళ్లు మన దగ్గర చాలా తక్కువ తల్లీ. వేషం కావాలని వచ్చేవాళ్లు పదిమంది ఉంటే, తెరవెనుక నిలబడతానని వచ్చేవాళ్లు ఒక్కరు ఉండరు.

అందుకే నా సలహా: ముందు స్టేజీ మేనేజర్ పని నేర్చుకో. మన వైపు ఆ పేరుతో ఎవరూ ఉండరు, డైరెక్టరు తమ్ముడో, ప్రాంప్టింగ్ చెప్పే కుర్రాడో ఆ పని చేస్తుంటాడు. స్క్రిప్టు ప్రతి పేజీకి ఎదురుగా ఒక తెల్లకాగితం పెట్టి కుట్టించు. ఎడమవైపు మాటలు, కుడివైపు కదలికలు. ఎవరు ఏ మాట మీద లేచారు, ఎటు నడిచారు, గ్లాసు ఏ చేత్తో తీసుకున్నారు, అన్నీ అందులోకి ఎక్కాలి. నాలుగు రోజుల తర్వాత హీరో వచ్చి "నేను నిన్న ఇటు నుంచే కదా వచ్చింది" అంటాడు. నీ పుస్తకం తీసి చూపిస్తావు. ఆ రోజు నుంచి నీ మాటకు విలువ.

రెండోది గ్రౌండ్ ప్లాన్. రిహార్సల్ చేసే గది చిన్నదే ఉంటుంది, ఆడే స్టేజీ పెద్దది. స్టేజీ వెడల్పు టేపుతో కొలిచి ఆ కొలతలే నేల మీద సుద్దతో గీయాలి. అంత జాగా లేకపోతే కాలేజీ గ్రౌండ్‌లో గీయాలి. లేదంటే గదిలో మూడడుగుల్లో తలుపు దాకా పోయిన మనిషికి స్టేజీ మీద పన్నెండు అడుగులు పడుతుంది, డైలాగ్ అయిపోయాక కూడా నడుస్తూనే ఉంటాడు. జనం నవ్వుతారు.

హన్మకొండలోనే ఉన్నావు కాబట్టి పబ్లిక్ గార్డెన్‌లో నేరెళ్ళ వేణుమాధవ్ కళాప్రాంగణం చూసే ఉంటావు. 2024లో తెరిచిన కాళోజీ కళాక్షేత్రం కూడా చూసిరా. ప్రోగ్రాం ఉన్నప్పుడు జనంతోపాటు కూర్చోవడం కాదు, గంట ముందు పోయి పక్కన నిలబడి లైట్లు ఎక్కడ కట్టారు, వింగ్స్ (స్టేజీ పక్క తెరలు) ఎన్ని, వెనుక నుంచి ఎడమవైపుకు దారి ఉందా లేదా అని చూడు. మిమిక్రీ వేణుమాధవ్ గారు మన వరంగల్ మనిషే, 1932లో పుట్టారు, 2001లో పద్మశ్రీ ఇచ్చారు. మైకు ముందు ఆయన ఒక్క గొంతుతో ఏం చేసేవారో పాత రికార్డింగులు వెతికి విను. వాచికం (గొంతుతో చేసే నటన) అంటే ఏంటో అంతకన్నా బాగా ఎవరూ చెప్పలేరు.

డిమ్మర్_అన్న | ఆదివారం, ఉదయం 7:48

నాది లైట్ల పని. పెళ్లిళ్లు, సభలు, కాలేజీ ఫంక్షన్లు, దయ ఉంటే నాటకాలు. ఏడుపు సీన్‌లో లైటు తగ్గించాలా అని అడిగినవు కదా, దానికి జవాబు చెప్పాలంటే కొంచెం వెనకనుంచి రావాలె.

కాలేజీలల్ల ఎదురుగా రెండు హాలోజన్లు పెట్టి మొహం మీద కొడతరు. వెలుగు మస్తుగ ఉంటది, కానీ కళ్లకింద లోతు, ముక్కు అంచు, దవడ ఏవీ కనపడవు. అప్పుడు నటుడు ఎంత ఏడ్చినా వెనక వరుసకు అందదు. అమెరికాలో మెక్‌కాండ్లెస్ అని ఒక మాస్టారు 1930లలోనే ఒక పద్ధతి చెప్పిండు, ఇప్పటికీ అందరం అదే పట్టుకుంటం. మనిషికి ముందు, పైనుంచి, ఎడమకు ఒకటి కుడికి ఒకటి, రెండూ 45 డిగ్రీల కోణంలో. ఒకదానికి లేత అంబర్ జెల్ (లైటు ముందర పెట్టే రంగు కాయితం), ఇంకోదానికి లేత నీలం. ఒక చెంప వెచ్చగ, ఒక చెంప చల్లగ. అప్పుడు మొహానికి ఆకారం వస్తది. ఏడుపు సీన్‌కి మొత్తం తగ్గించుడు కాదు, అంబర్‌ను మెల్లగ దించి నీలాన్ని ఉంచాలె.

ఎప్పుడు దించాలె అన్నది ఇంకో సంగతి. నా క్యూ షీట్‌ల (ఏ లైటు ఎప్పుడు మారాలె అని రాసుకునే కాయితం) ఒక లైన్ రాస్తున్న చూడు:

"క్యూ 7. తల్లి గొళ్లెం పెట్టి వెనక్కి తిరిగినప్పుడు. అంబర్ సున్నా, నీలం 30. ఐదు సెకన్లు."

గొళ్లెం పెట్టినప్పుడు కాదు, తిరిగినప్పుడు. ముందే దించితే జనానికి లైటు కనపడతది. తిరిగినంక దించితే తల్లి కనపడతది.

ఇంక కరెంటు లెక్క. ఇది నేర్చుకోకపోతే నిన్ను ఏ బోర్డు దగ్గరకూ రానియ్యరు. పాత పార్ లైటు బల్బు 1000 వాట్లు. మన ఇంటి కరెంటు 230 వోల్టులు. అంటే ఒక్కో లైటు నాలుగు ఆంపియర్ల మీదికి లాగుతది. 16 ఆంపియర్ల సాకెట్ మీద మూడు పెట్టొచ్చు. నాలుగోది పెట్టినవంటే 17 దాటుతది, సరిగ్గ క్లైమాక్స్‌లో ఎంసీబీ పడతది, హాల్ అంతా ఈలలు. ఇప్పుడు ఎల్‌ఈడీ పార్లు వచ్చినంక ఈ బాధ తగ్గింది. రంగు కూడా బోర్డు మీదనే మారుస్తం, బోర్డు నుంచి లైట్లకు సిగ్నల్ తీసుకపోయే డీఎంఎక్స్ కేబుల్ ఒక లైన్ మీద 512 చానళ్లు పోతయి. కానీ ఎల్‌ఈడీ నీలం ఒంటి రంగును చచ్చిన రంగు చేస్తది, అది వేరే పోరు.

ఇంటరెస్ట్ ఉంటే చెప్పు. నెలాఖరుకు ఒక టీమ్ నాటిక ఉంది, మూడో_బెల్ సారుదే. బోర్డు పక్కన కూసోబెడత.

కొత్తవేషం | ఆదివారం, ఉదయం 8:20

అన్నా, ఇంటరెస్ట్ ఉంది! కానీ ఒక డౌట్. ఆడపిల్లల్ని లైట్ల దగ్గరికి రానిస్తారా? మా కాలేజీలో నిచ్చెన ముట్టుకుంటేనే "నువ్వు దిగు, మేం చూసుకుంటాం" అన్నారు.

డిమ్మర్_అన్న | ఆదివారం, ఉదయం 8:26

మా దగ్గర దిగమని ఎవడూ అనడు. ఎక్కకపోతేనే తిడతం. చున్నీ మాత్రం గట్టిగ కట్టుకోవాలె, చెప్పులకు రబ్బరు అడుగు ఉండాలె.

రంగు_డబ్బా | ఆదివారం, మధ్యాహ్నం 1:15

చెల్లీ, మాది కరీంనగర్. నాలుగేళ్లు మా ఇంట్లోనూ ఇదే పంచాయితీ నడిచింది, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నా.

కోర్సుల సంగతి ముందు. నీకు దగ్గరలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఉంది. అక్కడి సరోజినీ నాయుడు స్కూల్‌లో థియేటర్ ఆర్ట్స్ విభాగం, రెండేళ్ల ఎంపీఏ (మాస్టర్ ఆఫ్ పెర్ఫార్మింగ్ ఆర్ట్స్). ఏ డిగ్రీ అయినా సరే, నీ బీకాం వృథా పోదు. తెలుగు యూనివర్సిటీలో (ఇప్పుడు సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టారు) రంగస్థల కళల శాఖ ఉంది. వైజాగ్‌లో ఆంధ్రా యూనివర్సిటీలో కూడా ఉంది. కన్నడ నేర్చుకునే ఓపిక ఉంటే కర్ణాటకలో హెగ్గోడు అనే చిన్న ఊళ్లో నీనాసం అనే నాటక సంస్థ ఉంది. 1949లో కె.వి. సుబ్బణ్ణ మొదలుపెట్టారు, 1980 నుంచి అక్కడ ఏడాది డిప్లొమా నడుస్తోంది. చుట్టూ వక్కతోటలు, పొద్దున్నుంచి రాత్రి దాకా నాటకమే. వేసవి సెలవుల్లో ఒకసారి వెళ్లి చూసిరా, చేరకపోయినా పర్లేదు.

బతుకుతెరువు గురించి. నేను హైదరాబాద్‌లో ఒక స్కూల్లో డ్రామా టీచర్ని. నెలజీతం ఉంది, పీఎఫ్ కూడా ఉంది ప్యాసింజర్ గారూ. వార్షికోత్సవానికి పిల్లలతో డాన్సులు వేయించడం కాదు నా పని, పాఠాల్లోకి నాటకాన్ని తీసుకెళ్లడం. దీన్ని థియేటర్ ఇన్ ఎడ్యుకేషన్ అంటారు. ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో 1965లో మొదలైంది. ఢిల్లీలో ఎన్‌ఎస్‌డీ (నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా) వాళ్లు 1989లో సంస్కార్ రంగ్ టోలీ అని పిల్లల కోసమే ఒక బృందం పెట్టారు.

ఎలా ఉంటుందో చెప్తా. ఏడో తరగతికి కాకతీయుల చెరువుల పాఠం. నేను క్లాసులోకి టీచర్‌గా పోను. తలకు తువ్వాలు చుట్టుకుని సర్పంచ్‌గా పోతాను. "చెరువు శిఖం (నీళ్లు నిలిచే) భూమి కొనడానికి పట్నం నుంచి ఒకాయన వచ్చిండు, మంచి రేటు ఇస్తడట, బడి కట్టుకోవచ్చు, ఏమంటరు?" అంతే. ఇంక వాళ్లు ఆగరు. ఒకడు చేపలు పట్టేవాడు అయిపోతాడు, ఒకమ్మాయి కింది పొలం రైతు అవుతుంది. ఎప్పుడూ నోరు విప్పని పిల్లవాడు లేచి "వాన ఎక్కువొస్తే ఆ నీళ్లు నీ ఇంటికి పంపియ్యాల్నా సర్పంచా" అని నిలదీశాడు. చెరువు తూము, అలుగు అంటే ఏంటో బోర్డు మీద నేను గీయకముందే వాళ్లకు కావాల్సొచ్చింది.

ఈ పనికి నటన కొంత చాలు. వినడం ఎక్కువ కావాలి. ఇంకోటి, బీఈడీ కూడా ఉంటే స్కూళ్లలో నీ మాట గట్టిగా నిలబడుతుంది. మీ నాన్నగారికి చెప్పడానికి కూడా అది పనికొస్తుంది.

రైలు_దిగనోడు | ఆదివారం, సాయంత్రం 5:02

మాది మంచిర్యాల. ఎన్‌ఎస్‌డీ సెకండ్ లిస్టు దాకా పోయి వచ్చాను, మళ్లీ రాస్తున్నాను. దాని గురించి ఎవరూ సరిగ్గా చెప్పలేదు కాబట్టి చెప్తా.

నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా, ఢిల్లీ, 1959లో పెట్టారు. మూడేళ్ల డిప్లొమా. మొదటి ఏడాది అందరికీ అన్నీ నేర్పుతారు, వడ్రంగం, కుట్టుపని, మేకప్‌తో సహా. ఆ తర్వాత నటన ఒక దారి, డిజైన్, డైరెక్షన్ ఒక దారి. చేరాలంటే డిగ్రీ ఉండాలి, వయసు 18 నుంచి 30 మధ్య, కనీసం ఆరు నాటకాల్లో పాల్గొని ఉండాలి, హిందీ, ఇంగ్లీషు అర్థం కావాలి. చేరినవాళ్లకు నెలనెలా స్కాలర్‌షిప్ ఇస్తారు. మొదట ఆడిషన్, అందులో గట్టెక్కితే ఢిల్లీలో కొన్ని రోజుల వర్క్‌షాప్. అక్కడ ఎవరికెంత వచ్చు అని చూడరు, ఒకరు చెప్పింది విని వెంటనే మార్చుకోగలరా అని చూస్తారు. పక్కవాడితో కలిసి పనిచేయడం రాకపోతే ఎంత గొంతున్నా ఇంటికే.

అందుకే చెల్లీ, ఇప్పటినుంచే ప్రతి నాటకం కరపత్రం, ఫొటో, పేపర్ కటింగ్ దాచుకో. ఆరు నాటకాలు అన్న మాట అప్పటికప్పుడు పుట్టదు. మన వైపు పిల్లలు చాలామంది అక్కడే ఆగిపోతున్నారు, ఆడింది ఉంటుంది, రుజువు ఉండదు.

హిందీకి భయపడకు. మన ఆదిలాబాద్, మంచిర్యాల వైపు అందరం మాట్లాడే హిందీ చాలు, దాన్ని అక్కడ కొంచెం ఇస్త్రీ చేస్తారు.

కాజీపేట_ప్యాసింజర్ | ఆదివారం, సాయంత్రం 6:40

సరే, ఢిల్లీ పోయొచ్చినోళ్లు ఏం చేస్తున్నరు? వెబ్ సిరీస్‌లల్ల పోలీసు వేషాలు. సంపాదన సంగతి ఎవరూ సూటిగా చెప్తలేరు.

డిమ్మర్_అన్న | ఆదివారం, రాత్రి 8:10

సూటిగా చెప్త. నాటకం ఒక్కదాని మీద నేను బతుకుతలేను. నాటకంల నేర్చుకున్న పని మీద బతుకుతున్న. మా షాపుల పెళ్లికి లైట్లు కట్టే పిల్లలు ఇద్దరున్నరు, స్విచ్ వేసుడు వచ్చు, అంతే. అదే నాటకానికి క్యూ కొట్టడం నేర్చినోడిని హైదరాబాద్ ఈవెంట్ కంపెనీలు పిలిచి తీసుకపోతయి. మంత్రి మాట్లాడుతుంటే ఎప్పుడు తగ్గించాలె, పాట మొదలైతే ఏ సెకనుకు పెంచాలె అన్నది వాడికే తెలుసు. డబ్బింగు, రేడియో, సీరియళ్లకు ఆర్ట్ డిపార్ట్‌మెంట్, కాస్ట్యూమ్, అన్నింట్లనూ ఇదే కథ. నటులు వెయ్యిమంది దొరుకుతరు. పదిహేను నిమిషాల్ల సెట్ మార్చే మనిషి దొరకడు.

రంగు_డబ్బా | ఆదివారం, రాత్రి 8:31

దీనికి నేను సంతకం పెడతా. ఒక్కటి మాత్రం ఒప్పుకోను: "సరదా" అన్న మాట. సురభి వాళ్లు 1885 నుంచి తరతరాలుగా కుటుంబాలు కుటుంబాలే నాటకం మీద ఉన్నారు. కష్టాలు పడ్డారు, నిజం. కానీ మంటలు, వాన, గాల్లో ఎగిరే పాత్రలు అన్నీ తాళ్లతో, తెరలతో చేసి చూపించే పనితనం అంతా ఆ కుటుంబాల్లోనే పుట్టింది. హైదరాబాద్‌లో వాళ్ల ప్రదర్శన ఉంటే ముందు వరుసలో కాదు, బతిమాలి పక్క వింగ్‌లో నిలబడి చూడాలి.

గజ్జెల_గొంతు | ఆదివారం, రాత్రి 10:47

ఇందాకటి నుంచి చదువుతున్న. ఢిల్లీ చెప్పిండ్రు, హెగ్గోడు చెప్పిండ్రు, అమెరికా మాస్టారును కూడా పిలిచిండ్రు. వరంగల్ నుంచి గంట దూరంల ఉన్న మమ్మల్ని ఎవరూ తలుచుకోలే. మాది జనగామ జిల్లా, చిందు కుటుంబం. నేను డిగ్రీ చదివిన, మా తాత బడి మొహం చూడలే. యక్షగానం మాత్రం ఇద్దరికీ వచ్చు.

మా జిల్లా గడ్డం సమ్మయ్య గారికి 2024ల పద్మశ్రీ వచ్చింది, చిందు యక్షగానానికే. ఒగ్గుకథ చుక్క సత్తయ్య గారిదీ జనగామ దిక్కే. నిజామాబాద్ చిందుల ఎల్లమ్మ గారు ఆడ వేషం, మగ వేషం రెండూ కట్టేవారు. నాటకం నేర్చుకునేటోళ్లకు ఈ పేర్లు సిలబస్‌ల చివరి పేజీల ఉంటయి, అదీ ఉంటే.

ఆహార్యం (వేషం, మేకప్) నేర్చుకోవాల్నా? మా దగ్గర చూడు. సాయంత్రం దీపం పెట్టేయాళ్లకు చేతిల చిన్న అద్దం పట్టుకుని వరుసగ కూసుంటరు. ముందు నూనె, దాని మీద పసుపుపచ్చటి అర్దళం రంగు. చెమటకు కారొద్దు, దూరం నుంచి మెరవాలె. కిరీటం, భుజకీర్తులు తేలిక కట్టెతోటి చేసినవి, అద్దాలు అతికినవి. ఎందుకు తేలిక కట్టె? రాత్రంతా ఆ బరువు మీదేసుకుని ఎగరాలె కాబట్టి. ఎవరి వేషం వాళ్లే వేసుకుంటరు, ఎవరి అద్దం వాళ్లదే. జాంబపురాణం మొదలైతే మైకు లేకున్నా ఊరి ఆ చివరకు వినపడాలె. ఏ గొంతు ఎక్సర్‌సైజూ మాకు ఎవరూ చెప్పలే, చిన్నప్పుడు తాత చేను ఈ గట్టున నన్ను నిలబెట్టి తాను ఆ గట్టు మీద నుంచి పద్యం అందుకునేటోడు. వినపడకపోతే మళ్లీ మొదటికి.

ఒగ్గుకథ చూడాలంటే ఐనవోలు పో. సంక్రాంతి నుంచి ఉగాది దాకా మల్లన్న జాతర. పట్నం (రంగు పొడుల ముగ్గు) వేసి కథ చెప్తరు. ఒక్క మనిషే రాజు అయితడు, భుజం మీది గుడ్డ తల మీదికి రాగానే రాణి అయితడు, పక్కన డోలు కొట్టెటోడు ఉన్నట్టుండి మంత్రి అయితడు. కాస్ట్యూమ్ మార్చుడు లేదు, లైటు లేదు. అది ఎట్ల జరుగుతదో ఆ చేతుల వంకే చూడు.

మూడో_బెల్ | సోమవారం, ఉదయం 6:15

తమ్ముడూ, నువ్వన్నది న్యాయమే. దానికి ఒక పనికొచ్చే మాట కలుపుతా. కేంద్ర సాంస్కృతిక శాఖ యువ కళాకారుల స్కాలర్‌షిప్ ఒకటి ఉంది. వయసు 18 నుంచి 25, నెలకు 5,000 రూపాయలు, రెండేళ్లు. గురువు దగ్గరో సంస్థలోనో కనీసం ఐదేళ్లు నేర్చుకుని ఉండాలని షరతు. ఈ అమ్మాయికి ఇప్పుడే అది రాదు. మీ ఇళ్లలో పిల్లలకు ఐదేళ్లేమిటి, నడక వచ్చినప్పటి నుంచీ శిక్షణే. గురువు కాగితం రాసివ్వాలి, అంతే. మీ ఊళ్లో ఎంతమంది అప్లై చేశారు?

గజ్జెల_గొంతు | సోమవారం, ఉదయం 7:02

సర్కారు సాంస్కృతిక సారథి ఉద్యోగాల గురించి అందరికీ తెలుసు సార్. దీని గురించి నాకే తెల్వదు. వివరాలు మెసేజ్ పెట్టుండ్రి, మా చిన్నాయన బిడ్డ ఇరవైల ఉంది, ఎల్లమ్మ దేవత వేషం కడుతది.

కొత్తవేషం | సోమవారం, రాత్రి 9:50

ఇంత రాస్తారనుకోలేదు, అందరికీ థాంక్స్. రంగు_డబ్బా అక్క రాసింది నాన్నకు చదివి వినిపించాను. సర్పంచ్ దగ్గర నవ్వారు. పీఎఫ్ దగ్గర "ఏ స్కూలట?" అని అడిగారు. ఇంక ఏమీ అనలేదు. అది ఒప్పుకున్నట్టా కాదా తెలియదు.

నేను అనుకుంటున్నది ఇది. డిగ్రీ అయ్యేదాకా మూడో_బెల్ సర్ టీమ్‌లో పుస్తకం పట్టుకోవడం, డిమ్మర్ అన్న దగ్గర లైట్లు. సెంట్రల్ యూనివర్సిటీకి ప్రిపేర్ అవుతాను, గ్రూప్స్ కోచింగ్ మాత్రం డిగ్రీ తర్వాతే మాట్లాడుకుందాం అన్నాను. నటన కూడా వదలను సర్, పక్కింటావిడ పాత్రలు ఉంటే ఇవ్వండి. గజ్జెల అన్నా, సంక్రాంతికి ఐనవోలు వస్తే మీరు ఉంటారా? అమ్మ కూడా వస్తానంటోంది, మల్లన్న మొక్కు ఉందట.

గజ్జెల_గొంతు | సోమవారం, రాత్రి 10:04

ఉంట. అమ్మను తీసుకుని పొద్దుగాలే రా చెల్లె, మధ్యాహ్నానికి జనంల ఏదీ కనపడదు.

మూడో_బెల్ | సోమవారం, రాత్రి 10:11

ఆదివారం పదింటికి రిహార్సల్, అడ్రస్ మెసేజ్ చేశాను. పెన్ను వద్దు, పెన్సిల్, రబ్బరు తెచ్చుకో. మా డైరెక్టరు ఒక నడకను రోజుకో రకంగా మారుస్తాడు. పాత్రల సంగతి తర్వాత చూద్దాం, ఈ నాటికలో పక్కింటావిడ లేదు, పోస్ట్‌మ్యాన్ ఉన్నాడు.

కొత్తవేషం | సోమవారం, రాత్రి 10:13

పోస్ట్‌ఉమన్ చేయొచ్చు కదా సర్!

కాజీపేట_ప్యాసింజర్ | సోమవారం, రాత్రి 10:25

ఇంతకీ ఆ నాటిక ఎప్పుడు, ఎక్కడ? టికెట్ ఎంత?

డిమ్మర్_అన్న | సోమవారం, రాత్రి 10:29

నెలాఖరు శనివారం, పబ్లిక్ గార్డెన్‌ల. టికెట్ లేదు. కుర్చీలు ఎత్తేటోళ్లు తక్కువున్నరు, నువ్వు నాలుగింటికే రా.